పాత కారు స్టార్ట్ కావట్లేదా? స్పార్క్ ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

సెల్ఫ్ కొడితే ఇంజిన్ బాగానే తిరుగుతుంది, కానీ అందుకోదు. పాత కారు ఇలా మొండికేస్తే చాలామంది ముందు కొత్త ప్లగ్గులు వేస్తారు, ఆ తర్వాత కొత్త కాయిల్ (బ్యాటరీ కరెంటును వేల వోల్టులకు పెంచే భాగం) కొంటారు. అప్పటికీ బండి లేవదు. పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటును ఆపి వదిలే చిన్న స్విచ్), కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పులు రాలకుండా చూసే భాగం) ఉండే పాతకాలపు ఇగ్నిషన్‌లో కంటికి కనిపించని మాయలేమీ లేవు. స్పార్క్ ఎంతవరకు వచ్చి ఆగిపోతోందో వరసగా చూసుకుంటూ పోతే తప్పు దొరుకుతుంది. ఏది పాడైందో తేలేదాకా ఒక్క పార్టు కూడా కొనొద్దు.

మల్టీమీటర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), ప్లగ్గు స్పానర్ దగ్గర పెట్టుకోండి. సెల్ఫ్ కొట్టడానికి ఇంకో మనిషి తోడుంటే పని సులువు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగించిన కారైతే కింద చెప్పిన స్పార్క్ పరీక్షలు చేయకండి, మాడ్యూల్ దెబ్బతినొచ్చు.

ముందు జాగ్రత్తలు

గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ లాగండి. పెట్రోలు వాసన వస్తుంటే దాని సంగతి తేల్చాకే స్పార్క్ జోలికి వెళ్లండి. కాయిల్ నుంచి వచ్చే షాక్ వేల వోల్టుల్లో ఉంటుంది కాబట్టి మందపాటి వైర్లను ఒట్టి చేత్తో పట్టుకోవద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి మరిచిపోవడం ఇంకో ప్రమాదం. ఆ సమయంలో పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ వేడెక్కి కాలిపోతుంది.

బ్యాటరీ

నిండుగా చార్జ్ ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా 10 వోల్టుల దరిదాపుల్లో నిలబడాలి. అంతకన్నా బాగా పడిపోతే ఇంజిన్ తిరుగుతున్నట్టే ఉంటుంది కానీ కాయిల్‌కు చాలినంత కరెంటు అందదు. అలా ఉంటే ముందు చార్జ్ పెట్టండి, టెర్మినళ్లు, ఎర్త్ కేబుల్ శుభ్రం చేయండి.

సగానికి విడదీసే పరీక్ష

అన్నిటికన్నా ఎక్కువ సమయం మిగిల్చేది ఇదే. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గుకు పంచే భాగం) క్యాప్ మధ్యలోకి వచ్చే లావు వైరును క్యాప్ వైపు నుంచి పీకండి. ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లేయరుతో పట్టుకుని, దాని కొసను ఇంజిన్ మీద శుభ్రంగా ఉన్న ఇనుముకు 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంచండి. కార్బురేటర్‌కు దూరంగా ఉండాలి. ఇప్పుడు సెల్ఫ్ కొట్టించండి.

టప్ టప్‌మంటూ నీలం రంగు స్పార్క్ దూకితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ బాగున్నట్టే. తప్పు క్యాప్, రోటర్ (క్యాప్ లోపల తిరుగుతూ స్పార్క్‌ను ఒక్కో వైరుకు అందించేది), వైర్లు, ప్లగ్గుల్లో వెతకాలి. స్పార్క్ అసలు లేకపోయినా, సన్నగా నారింజ రంగులో వచ్చినా తప్పు కాయిల్‌లో గానీ, దానికి ముందు గానీ ఉంది.

స్పార్క్ లేకపోతే

టెస్ట్ ల్యాంప్ క్లిప్పును ఎర్త్‌కు (ఇంజిన్ లేదా బాడీ ఇనుముకు) తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, స్విచ్ నుంచి కాయిల్‌కు కరెంటు వచ్చే టెర్మినల్‌కు ముట్టించండి. వెలగకపోతే స్విచ్, మధ్యలో వైరు, బల్లాస్ట్ రెసిస్టర్ (కొన్ని కార్లలో కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే భాగం), వీటిలో ఒకటి తెగింది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజిన్ అందుకుని, తాళం వదలగానే ఆగిపోతోందా? అయితే ముందు బల్లాస్ట్‌నే అనుమానించండి. ఆ రెసిస్టర్ ఉన్న చాలా కార్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు కరెంటు దాన్ని దాటి నేరుగా కాయిల్‌కు వెళుతుంది, తాళం వదిలాక మాత్రం దాని గుండానే రావాలి.

అక్కడ వెలిగితే ల్యాంపును డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కు మార్చి సెల్ఫ్ కొట్టండి. మిణుకుమిణుకుమంటే పాయింట్లు పనిచేస్తున్నాయి. ఆగకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు మూసుకున్నా కరెంటు దాటట్లేదు. అసలు వెలగకపోతే పాయింట్లు తెరుచుకోవట్లేదు, లేదా ఎక్కడో ఎర్త్ అవుతోంది, లేదా కాయిల్ లోపల తెగింది.

ఇక క్యాప్ తీసి పాయింట్లు చూడండి. నెలల తరబడి కదలని కారులో వాటి ముఖాల మీద కంటికి కనిపించని పొర పేరుకుంటుంది. ఆగి ఉన్న బండ్లు మొండికేయడానికి చాలాసార్లు ఇదే కారణం. సన్నటి గరుకు కాగితంతో ఒకటి రెండుసార్లు రుద్ది, తర్వాత శుభ్రమైన తెల్ల కాగితం ముక్కను మధ్యలో పెట్టి లాగండి. కాగితం మీద నల్లమరక పడడం ఆగేదాకా లాగాలి. తర్వాత ఇంజిన్‌ను చేత్తో తిప్పి, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఫీలర్ గేజ్‌తో గ్యాప్ కొలవండి. చాలా నాలుగు సిలిండర్ల కార్లలో అది 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. మీ కారు మాన్యువల్లో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి.

పాయింట్లకు వచ్చే చిన్న అల్లిక వైరును ఎవరూ పట్టించుకోరు. వాక్యూమ్ అడ్వాన్స్‌తో (ఇంజిన్ పీల్పును బట్టి స్పార్క్ సమయాన్ని మార్చే భాగం) పాటు అది కదిలి కదిలి లోపల తెగిపోతుంది, పై తొడుగు మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది. మల్టీమీటర్ పెట్టి వైరును అటూ ఇటూ వంచితే గుట్టు బయటపడుతుంది. పాయింట్లు ఈమధ్యే మార్చి ఉంటే ఇన్సులేషన్ వాషర్లు సరైన వరసలో పడ్డాయో లేదో కూడా చూడండి.

కాయిల్ వైర్లు విప్పి, రెండు చిన్న టెర్మినళ్ల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. బల్లాస్ట్ లేని కాయిల్‌కు సుమారు 3 ఓమ్‌లు, బల్లాస్ట్‌తో పనిచేసేదానికి సుమారు 1.5 ఓమ్‌లు రావాలి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించి, వేడెక్కాక చచ్చిపోయే కాయిళ్లూ ఉంటాయి. కండెన్సర్‌ను మామూలు మీటరుతో నమ్మకంగా తేల్చలేం. పాయింట్ల దగ్గర పెద్దగా నిప్పులు రాలుతూ, కాయిల్ స్పార్క్ నీరసంగా ఉంటే వేరే కండెన్సర్ పెట్టి చూడడమే దారి. కొత్తది కదా అని గుడ్డిగా నమ్మకండి, బాగా పనిచేస్తున్న పాతది దొరికితే అదే మేలు.

కాయిల్ స్పార్క్ బాగుంటే

క్యాప్ లోపల తడి, పగుళ్లు, పెన్సిలుతో గీసినట్టు నల్లటి గీతలు ఉన్నాయేమో చూడండి. మధ్యలో ఉండే చిన్న కార్బన్ బ్రష్ అరిగిపోయిందా, విరిగిపోయిందా అన్నది కూడా చూడాలి. రోటర్‌ను పరీక్షించడానికి ఒక చిట్కా ఉంది. దాన్ని దాని స్థానంలోనే ఉంచి, కాయిల్ వైరు కొసను రోటర్ పైనున్న లోహపు రేకుకు కాస్త దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. రేకు మీదికి స్పార్క్ దూకుతూ ఉంటే కరెంటు రోటర్‌ను చీల్చుకుని షాఫ్టులోకి పోతోందన్నమాట. ఆ రోటర్ పారేయాల్సిందే.

ప్లగ్గు ఒకటి తీసి, దాని వైరు తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజిన్ ఇనుముకు ఆనించి చూడండి. ప్లగ్గు రంధ్రం దగ్గర పెట్టొద్దు, అక్కడి నుంచి పెట్రోలు ఆవిరి ఎగజిమ్ముతుంది.

ప్లగ్గు దగ్గర కూడా స్పార్క్ బాగానే ఉంటే, అది రావాల్సిన సమయానికి వస్తోందా అన్నదే మిగిలిన ప్రశ్న. ఎవరైనా వైర్లు పీకి మళ్లీ పెట్టి ఉంటే ముందు ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లకు స్పార్క్ అందాల్సిన వరస) సరిచూడండి. చాలా నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో అది 1-3-4-2. కార్బురేటర్ వైపు ఢాం ఢాం అని తన్నుతుంటే వైర్ల వరస తప్పో, డిస్ట్రిబ్యూటర్ సగం చుట్టు తేడాగా కూర్చోవడమో అయి ఉండొచ్చు. అదీ సరిగ్గానే ఉండి, సెల్ఫ్ కొట్టాక తీసిన ప్లగ్గులు పొడిగా కనిపిస్తే ఇగ్నిషన్ వదిలేసి పెట్రోలు పంపు వైపు వెళ్లండి.