తమ్ముడికి గొంతులు వినిపించినప్పుడు

ఫ్యానులోంచి ఎవరో తిడుతున్నారని మా తమ్ముడు దాని రెక్కలకు గుడ్డ చుట్టాడు. మేము తాయెత్తు కట్టించి నాలుగు నెలలు పోగొట్టుకున్నాం. మీరు ఆ పని చేయకండి.

ఇలా లేనివి వినిపించడం, కనిపించడం, లేనిపోనివి గట్టిగా నమ్మడాన్ని సైకోసిస్ అంటారు. అదే అనిపిస్తే ముందు వెళ్లవలసింది సైకియాట్రిస్టు దగ్గరికి. మందులు రాసేది వారే. మాటలతో చికిత్స చేసే సైకాలజిస్టు అవసరం సాధారణంగా కాస్త కుదుటపడ్డాక. ఎవరూ తెలియకపోతే 14416కు ఫోను చేయండి. అది మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ సహాయ ఫోను, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

వెళ్లేముందు కాగితం మీద రాసుకోండి: నిద్ర ఎప్పటి నుంచి తగ్గింది, ఏమి వినిపిస్తోందంటున్నాడు, మద్యం, గంజాయి అలవాటు ఉందా, ఇప్పటికే వాడుతున్న మందులేమిటి. డాక్టరు ముందు మా అమ్మకు ఏడుపు తప్ప మాట రాలేదు. నేను ఆ కాగితమే చేతికిచ్చాను.

"అక్కడ ఎవరూ లేరురా" అని వాదించకండి. "నీకు నిద్ర పట్టడం లేదు కదా, దానికి మందు అడుగుదాం" అన్నాను. ఆ మాటకే వచ్చాడు. చనిపోతానన్నా, ఎవరినైనా కొట్టబోయినా మాత్రం ఆగకండి. వెంటనే 108కి గానీ 112కు గానీ ఫోను చేయండి.

మందుల గుణం పూర్తిగా తెలియడానికి వారాలు పడుతుంది. మత్తు, వణుకు, బరువు పెరగడం ఉంటే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. మావాడు ఐదో వారంలో స్టూలు వేసుకుని ఆ గుడ్డ తానే విప్పాడు.