హాస్టల్ వైఫైకి దరఖాస్తు: విశాఖలో కొత్తగా చేరిన విద్యార్థులకు

మద్దిలపాలెం వైపు హాస్టల్లో చేరినా, రుషికొండ దగ్గర చేరినా, గది తాళం చేతికి రాగానే అందరూ అడిగేది వైఫై గురించే. ఫారం ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల ఆన్‌లైన్, కొన్నిచోట్ల కాగితం మీద వార్డెన్ సంతకం. సాధారణంగా అడిగేవి ఇవే: అడ్మిషన్ నంబరు, బ్లాకు, గది నంబరు, మొబైల్ నంబరు, ఐడీ కార్డు జిరాక్స్, వాడబోయే ఫోను, ల్యాప్‌టాప్‌ల మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు).

తేడా కొట్టేది ఎక్కువగా ఆ చివరిదాని దగ్గరే. మ్యాక్ అడ్రస్‌లో 12 గుర్తులుంటాయి: 0 నుంచి 9 దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. అందులో ‘ఓ’ అక్షరం ఉండనే ఉండదు, గుండ్రంగా కనిపించేది సున్నాయే. 8నీ ‘బి’నీ మాత్రం రెండుసార్లు సరిచూసుకోండి. ల్యాప్‌టాప్‌కి వైఫై అడ్రస్ వేరు, కేబుల్ పెట్టే పోర్టు అడ్రస్ వేరు. గదిలో ఏది వాడతారో అదే రాయాలి.

ఫోన్లతో ఇంకో చిక్కు. ఆండ్రాయిడ్ 10, ఐఫోన్ ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు అడ్రస్ దాచి, వైఫైకి వేరేది చూపిస్తున్నాయి. ‘అబౌట్ ఫోన్’లో చూసి రాసిచ్చినా నెట్ రాకపోవడానికి కారణం ఇదే. ఎడమ నుంచి రెండో గుర్తు ‘2’, ‘6’, ‘ఏ’, ‘ఈ’ – వీటిలో ఏదైనా అయితే అది తాత్కాలిక అడ్రస్ అనుకోవచ్చు. హాస్టల్ వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆండ్రాయిడ్‌లో ‘డివైస్ మ్యాక్’ ఎంచుకోండి. ఐఫోన్‌లో ‘ప్రైవేట్ వైఫై అడ్రస్’ ఆపేయండి. బయటి వైఫైలకు ఆ తాత్కాలిక అడ్రస్‌నే ఉంచుకోవడం మంచిది.

దరఖాస్తుతో పాటు హామీపత్రం ఇస్తే చదివే సంతకం పెట్టండి. నెట్‌వర్క్ లాగ్‌లు (ఎవరు ఎప్పుడు నెట్ వాడారో చూపే రికార్డులు) 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో సంస్థలను ఆదేశించింది. మీ వైఫై ఐడీతో స్నేహితుడు ఏం చేసినా లాగ్‌లో పడేది మీ పేరే. ఒక్క రాత్రికే కదా అని పాస్‌వర్డ్ ఇవ్వకండి. మీరూ ఎవరిదీ అడగకండి. దురుద్దేశంతో ఇంకొకరి పాస్‌వర్డ్ వాడితే ఐటీ చట్టం 66సీ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

లాగిన్ వివరాలు వచ్చాక మొదటి పాస్‌వర్డ్ వెంటనే మార్చేయండి. కనెక్ట్ అయ్యేటప్పుడు సర్టిఫికెట్ (అది అసలు హాస్టల్ వైఫైయేనని చూపే గుర్తింపు) గురించి అడిగితే ‘డోంట్ వ్యాలిడేట్’ (సరిచూడొద్దు) నొక్కకండి. అదే పేరుతో ఎవరైనా నకిలీ వైఫై పెడితే మీ పాస్‌వర్డ్ వాళ్ల చేతికి పోవచ్చు.

గదిలో సొంత రౌటర్ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోండి. గోడ కేబుల్‌ని రౌటర్ వ్యాన్ పోర్టులో (బయటి నెట్ లోపలికి వచ్చేది) కాకుండా ల్యాన్ పోర్టులో (మన పరికరాలకు నెట్ ఇచ్చేది) గుచ్చితే ఆ రౌటర్ పక్క గదులకూ తన ఐపీ అడ్రస్‌లు (నెట్ వాడేందుకు పరికరానికి ఇచ్చే నంబర్లు) పంచడం మొదలెడుతుంది. దాంతో అంతస్తు మొత్తానికి నెట్ పోవచ్చు, అదీ రేపు పరీక్ష అనగా.

ఫోన్ పోతే అదే రోజు హాస్టల్ ఆఫీసుకి రాసివ్వండి, డబ్బు కూడా పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. హాస్టల్ వదిలేముందు నో డ్యూస్ (బకాయిలేవీ లేవన్న పత్రం) కోసం తిరిగేటప్పుడు వైఫై ఐడీ రద్దు చేయమని కూడా అడగండి. ల్యాప్‌టాప్ జూనియర్‌కి అమ్మేస్తే దాని మ్యాక్ అడ్రస్ మీ పేరు మీద నుంచి తీయించండి.