లె ప్వీ నుంచి కోంక్ వరకు: మధ్యయుగపు యాత్రాపథంలో నడవదలచినవారికి

ఫ్రాన్స్ పల్లెల్లో మిగిలివున్న మధ్యయుగపు కట్టడాలను చూడవచ్చినవారు సాధారణంగా ఒక కారు అద్దెకు తీసుకుని, రోజుకు మూడు నాలుగు ఊళ్లు చుట్టబెట్టి, చివరకు ఏ శిల్పం ఏ చర్చిలో చూశామో గుర్తులేని స్థితికి చేరుకుంటారు. ఈ కట్టడాల్లో అనేకం కాలినడకన వచ్చే యాత్రికుల రాకపోకల వల్ల వెలసినవే గనుక, వాటిని నడిచి చేరుకోవడమే మేలని నా అభిప్రాయం. అందుకు నేను సూచించేది ఒకే ఒక్క దారి. మధ్య ఫ్రాన్స్‌లోని లె ప్వీ-ఆన్-వెలే పట్టణంలో మొదలై, కోంక్ అనే కొండవాలు పల్లె వరకు సుమారు 200 కిలోమీటర్లు సాగే ఈ బాట, స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం సాంతియాగో దె కాంపోస్తెలాకు వెళ్లే ప్రాచీన యాత్రాపథంలో తొలి భాగం. లె ప్వీ బిషప్ గోదెస్కాల్క్ 950లో ఇక్కడి నుంచే బయలుదేరి సాంతియాగోకు వెళ్లాడు. నేటి పటాల్లో ఈ దారి పేరు జీఆర్ 65.

రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున నడిస్తే పది పదకొండు రోజులు పడుతుంది. అంత సెలవు దొరకనివారు దారి మొత్తాన్ని పరుగులు తీస్తూ ముగించే బదులు, చివరి మూడు రోజుల భాగాన్ని, అంటే సాన్-కోమ్-దోల్ట్ నుంచి ఎస్తాన్, గోలిన్యాక్ మీదుగా కోంక్ వరకు, తీరికగా నడవడం మంచిది. మే మధ్య నుంచి జూన్ ఆఖరు వరకు, తిరిగి సెప్టెంబరులో, వాతావరణం అనుకూలంగా ఉంటుంది. దారి మధ్యలో ఎదురయ్యే ఓబ్రాక్ పీఠభూమి 1,300 మీటర్ల ఎత్తు దాటుతుంది కాబట్టి ఏప్రిల్‌లో కూడా అక్కడ మంచు పడవచ్చు.

భారతదేశం నుంచి వెళ్లేవారికి షెంజెన్ వీసా, దానితోపాటు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. వీసాకు బస ఆధారాలు చూపాలి. కానీ దారిపొడవునా యాత్రికులకు ఆశ్రయమిచ్చే ‘జీత్’లు, అంటే పడకల లెక్కన అద్దెకిచ్చే చిన్న వసతిగృహాలు, చాలావరకు ఫోన్ మీద నోటిమాటగానే పడకను ఖాయం చేస్తాయి. కాబట్టి దరఖాస్తుకు ముందే వారిని అడిగి, తేదీలతో కూడిన ఈమెయిల్ తెప్పించుకోవాలి. గది అద్దెతోపాటు రాత్రి భోజనం, ఉదయపు ఫలహారం కలిసి ఉండే పద్ధతిని ‘దెమీ-పాన్సియోన్’ అంటారు. చాలా పల్లెల్లో వేరే హోటలంటూ ఉండదు గనుక ఆ పద్ధతినే ఎంచుకోండి.

శాకాహారులు ఆ సంగతిని పడక ఖాయం చేసుకునేటప్పుడే చెప్పాలి, భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాక కాదు. ‘శాకాహారం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా మాంసం, చేప రెండూ తిననని విడమరచి చెప్పడం అవసరం. లె ప్వీ ప్రాంతపు పచ్చని లెంటిల్స్ మన పప్పుకు దగ్గరి చుట్టమే అయినా, వాటిలో పంది మాంసపు ముక్కలు కలపడం అక్కడ మామూలు. ఓబ్రాక్‌లో దొరికే ‘అలిగో’లో మాత్రం మాంసం ఉండదు. ఉడికించి మెదిపిన బంగాళాదుంపలో తాజా జున్ను, వెల్లుల్లి వేసి, గరిటె ఎత్తితే మూరెడు తీగ సాగేదాకా కలుపుతారు. పక్కన సాసేజ్ వద్దని చెబితే చాలు.

సంచి బరువు మీ బరువులో పదోవంతుకు మించకూడదు. వానకోటు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, పడకపై పరచుకుని లోపల పడుకునే పలుచని పట్టు సంచి, లీటరున్నర నీరు, ఇవి ఉంటే మిగతావాటిని దారిలో కొనుక్కోవచ్చు. బూట్లు మాత్రం కనీసం నెల రోజులు ఇంటి దగ్గర తొడిగి నడిచినవై ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం పల్లెల్లోని దుకాణాలు మూసివుంటాయని గుర్తుంచుకుని, శనివారమే రొట్టె, జున్ను, పండ్లు కొనిపెట్టుకోవాలి. దుకాణంలో అడుగుపెట్టగానే ముందుగా ‘బోంజూర్’ అనకుండా సరుకు అడగడాన్ని అక్కడివారు అమర్యాదగా భావిస్తారు.

లె ప్వీలో ఒక రోజు ముందుగానే దిగడం మంచిది. పారిస్ నుంచి రైలులో లియోన్ లేదా సాంతెతియెన్ చేరి, అక్కడ ప్రాంతీయ రైలు ఎక్కాలి. అగ్నిపర్వతపు శిలాస్తంభం మీద, పదో శతాబ్దంలో కట్టిన సాన్-మిషెల్ చాపెల్‌ను, అంటే చిన్న ప్రార్థనామందిరాన్ని, ఆ సాయంత్రం చూడండి. దానికి 268 మెట్లు. అలిపిరి దారిన తిరుమలకు నడిచినవారికి అవి ఒక లెక్క కాదు. మరునాడు ఉదయం ఏడు గంటలకు కెథీడ్రల్‌లో యాత్రికుల ప్రార్థన జరుగుతుంది. మతవిశ్వాసం లేనివారు కూడా దానికి హాజరుకావచ్చు. ఆశీర్వచనం ముగిశాక చర్చి నడిమధ్య నేలలో అమర్చిన ఇనుప కటకటాలు తెరుచుకుంటాయి. ఆ కింద బయటపడే మెట్ల మీదుగా, సంచులు వీపున వేసుకున్న జనమంతా చర్చి గర్భంలోంచి నేరుగా వీధిలోకి దిగిపోతారు. ‘క్రెదాన్సియాల్’ అనే యాత్రా పత్రాన్ని అక్కడే తీసుకోండి. ప్రతి మజిలీలోనూ దాని మీద ముద్ర వేస్తారు, కొన్ని జీత్‌లు అది చూసే పడక ఇస్తాయి.

దారి కనుక్కోవడం కష్టం కాదు. చెట్ల మీద, రాళ్ల మీద, కరెంటు స్తంభాల మీద తెల్ల గీత, దాని కింద ఎర్ర గీత కనిపిస్తే సరైన దారిలో ఉన్నట్టు. ఆ రెండు రంగులూ ఇంటూ గుర్తులా అడ్డంగా వేసివుంటే అటు పోకూడదని అర్థం. పసుపు గీతలు ఊరి చుట్టూ తిరిగివచ్చే చిన్న నడకలవి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు కబుర్లలో పడి ఇంటూ గుర్తును గమనించక, రెండు కిలోమీటర్లు పల్లానికి దిగి, మళ్లీ అంతా ఎక్కవలసివచ్చింది. పది నిమిషాలు నడిచినా గుర్తు కనబడకపోతే, ముందుకు వెళ్లి వెతకకుండా చివరి గుర్తు వరకు వెనక్కి రావడమే నియమంగా పెట్టుకోండి.

మొదటి రెండు రోజుల్లో కష్టమైనది సాన్-ప్రివా తర్వాత అల్లియే నది లోయలోకి దిగే ఏటవాలు. రోష్‌గూద్ దగ్గర శిఖరాంచున ఉన్న చిన్న చాపెల్ వద్ద కాసేపు ఆగి మోకాళ్లకు విశ్రాంతినిచ్చి, అప్పుడు దిగండి. ఆ తర్వాత వచ్చే సోగ్ పరిసరాలు పూర్వపు జెవోదాన్ సీమలోనివి. 1764 నుంచి 1767 వరకు జనాన్ని చంపితిన్న ‘మృగం’ కథలు ఇప్పటికీ అక్కడ ప్రతి ఊళ్లోనూ వినిపిస్తాయి.

నాస్బినాల్ నుంచి సాన్-షెలీ-దోబ్రాక్ వరకు ఉన్న 17 కిలోమీటర్లు, 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన దారి భాగాల్లో ఒకటి. చెట్టు చేమ లేని ఆ పచ్చిక మైదానంలో పొగమంచు కమ్మితే పది అడుగుల దూరం కూడా కనిపించదు. అందుకే పన్నెండో శతాబ్దంలో ఓబ్రాక్ మఠం సన్యాసులు అలాంటి వేళల్లో దారితప్పినవారి కోసం గంట మోగించేవారు. ఇక్కడ దారి ఆవుల మందల మధ్యగా పోతుంది. తల్లికీ దూడకూ మధ్య నడవకండి, తెరిచిన ప్రతి కంచె తలుపునూ మూసి ముందుకు సాగండి.

లోట్ నది లోయలోకి దిగాక ఊళ్లు వరసగా వస్తాయి: మెలితిరిగిన శిఖరం గల సాన్-కోమ్, పాత రాతివంతెన ఉన్న ఎస్పాలియోన్, కోట నీడలో ఒదిగిన ఎస్తాన్. వీటిలో ఎస్పాలియోన్ పొలిమేరలో, దారి పక్కనే ఉన్న పెర్స్ చర్చిని చాలామంది దాటిపోతారు. గులాబీరంగు ఇసుకరాయితో కట్టిన ఆ చిన్న చర్చి ద్వారం పైన కూడా, కోంక్‌లో లాగే, లోకాంతాన దేవుడు మనుషులను స్వర్గానికీ నరకానికీ వేరుచేసే అంతిమతీర్పు చెక్కివుంది. కోంక్‌లోని మహాశిల్పాన్ని చూడబోయే ముందు దీన్ని చూసినవారికి, ఒకే కథను పల్లె శిల్పులు ఎలా చెప్పారో, సంపన్న మఠం ఎలా చెప్పించిందో తేడా తెలుస్తుంది.

చివరి రోజు గోలిన్యాక్ నుంచి త్వరగా బయలుదేరండి. కోంక్‌లోకి దిగే ఆఖరి వాలు రాళ్లతో నిండి, వాన పడితే బాగా జారుతుంది కాబట్టి చేతికర్రలు ఇక్కడే పనికివస్తాయి. అక్కడి సాంత్ ఫ్వా మఠపు చర్చి ముఖద్వారం పడమటి దిక్కున ఉంది గనుక, ఎండ నేరుగా శిల్పం మీద పడే సాయంకాలపు వేళకు చేరుకునేలా చూసుకోవాలి. ద్వారం పైన అర్ధచంద్రాకారంలో 124 బొమ్మలున్నాయి. మధ్యలో క్రీస్తు, పైకెత్తిన కుడిచేతి వైపు స్వర్గం, దించిన ఎడమచేతి వైపు నరకం. క్రీస్తు కింద ఆత్మలను తూచే తక్కెడను వెతకండి: తన వైపు పళ్లెం బరువుగా తూగాలని ఒక దయ్యం దాన్ని వేలితో నొక్కుతూ ఉంటుంది. నరకంలో గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్న యోధుడు, డబ్బు సంచి మెడకు కట్టుకుని ఉరివేలాడుతున్న లోభి కనిపిస్తారు. చిట్టచివర, వెలుపలి కమాను అంచును చేతులతో పట్టుకుని, తెర పైనుంచి చూసినట్టు కళ్లు మాత్రం బయటపెట్టి తొంగిచూసే చిన్న ముఖాలను తప్పక చూడండి. ఈ వివరాలకు చిన్న దుర్భిణి తీసుకెళ్లడం తెలివైన పని.

లోపల చిత్రకారుడు పియెర్ సూలాజ్ రూపొందించగా 1994లో అమర్చిన కిటికీలు 104 ఉన్నాయి. వాటి గాజుకు రంగు లేదు. పొద్దుతోపాటు వెలుగే రంగు మారుతుంది. అందువల్ల సాయంత్రం ఒకసారి, ఉదయం ఒకసారి చూడాలి. పగటి బస్సులు వెళ్లిపోయాక ఊరు నిశ్శబ్దమైపోతుంది గనుక కోంక్‌లో రాత్రి బస చేయడం తప్పనిసరి అంటాను. రాత్రి ప్రార్థన తర్వాత మఠంలోని బ్రదర్ ఒకరు ద్వారశిల్పాన్ని వివరించే ఆనవాయితీ ఉంది. ఫ్రెంచి రాకపోయినా ఆయన చేతి సైగలు అర్థమవుతాయి.

కోంక్‌కు రైలు లేదు. అక్కడి నుంచి రోడ్డు మార్గాన రొదెజ్ చేరి, తూలూజ్‌కు రైలు పట్టుకోవాలి. బస్సులు తక్కువ కాబట్టి తిరుగు ప్రయాణపు వాహనాన్ని కోంక్ చేరకముందే మాట్లాడిపెట్టుకోండి. రొదెజ్ సూలాజ్ పుట్టిన ఊరు, 2014 నుంచి ఆయన పేరిట మ్యూజియం ఉంది, కోంక్ కిటికీల కోసం ఆయన గీసిన నమూనాలు కూడా అక్కడ ఉన్నాయి. రైలుకు సగం పూట ఖాళీ ఉండేలా చూసుకుంటే వాటిని చూసి బయలుదేరవచ్చు.