గుండె దడదడలాడాలి, తుపాకీ ఖాళీగా ఉండాలి

తుపాకీ శిక్షణకు నా క్లాసుకు వచ్చే గార్డులతో మొదట జేబులు తిరగేయిస్తాను. ప్యాంటు జేబులు, చొక్కా జేబు, బెల్టు పౌచ్, టిఫిన్ బ్యాగు, చివరికి బండి డిక్కీ కూడా. కొంతమందికి ఇది అవమానంగా ఉంటుంది. మిలిటరీలో పదిహేడేళ్ళు చేసి వచ్చిన ఒక కాకా, "నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నవేంది సార్?" అని ముఖం మాడ్చుకున్నాడు. ముందు నా జేబులు తిరగేసి చూపించి, తర్వాతే ఆయనవి అడిగాను.

ఎందుకో చెప్తాను. ఆరేళ్ళ కింద నల్గొండ దగ్గర ఒక గోడౌన్‌లో ఒక సెక్యూరిటీ ఏజెన్సీ గార్డులకు మాక్ డ్రిల్ పెట్టాం. పొద్దున తుపాకులన్నీ ఖాళీగా ఉన్నాయని చూసుకున్నాం. మధ్యలో టీ తాగాం. టీ తర్వాత మళ్ళీ చూడలేదు. దొంగ వేషం కట్టిన పిల్లగాడు అరుచుకుంటూ గేటులోంచి ఉరికొచ్చేసరికి ఒక గార్డు చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు, జేబులో రెండు అసలు తూటాలు ఉండిపోయాయి. తుపాకీ విరిచి (అంటే గొట్టాలను కిందికి వంచి తెరిచి), రెండూ వేసి, మూసేశాడు. నేను "థమ్" (ఆగు) అని అరిచినా అతనికి వినపడలేదు. ఉరికిపోయి బ్యారెల్‌ను మోచేత్తో పైకి నెట్టాను. అది పేలలేదు. ఆ గార్డు తప్పేమీ లేదు. టెన్షన్‌లో చెయ్యి తనకు అలవాటైన పనే చేస్తుంది. టీ తర్వాత మళ్ళీ చెక్ చేయించకపోవడం నా తప్పు.

నేను పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం తుపాకులు భద్రపరిచే గది, బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లోనే గడిచింది. ఇప్పుడు బ్యాంకు గార్డులకు, క్యాష్ వ్యాన్ గన్‌మెన్‌కు నేర్పిస్తున్నాను. దాదాపు అందరి చేతిలోనూ ఉండేది రెండు గొట్టాల డబుల్ బ్యారెల్ ట్వెల్వ్ బోర్ తుపాకే. కాబట్టి కింద చెప్పేది దాని గురించే. ఇలాంటి శిక్షణ పెట్టాలనుకునే సెక్యూరిటీ ఆఫీసర్లు, మాజీ సైనికులు నన్ను తరచు ఒకటే అడుగుతారు: "అసలు సంఘటన లాగా ఎట్ల చేయించాలె?" నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఒత్తిడి మనిషి మీద పెట్టండి, తుపాకీ మీద కాదు. డ్రిల్ ఎంత నిజంలా ఉంటే, చేతిలో ఉన్నది అంత అబద్ధపు తుపాకీ కావాలి.

ఇది నా ఒక్కడి భయం కాదు. 2016 ఆగస్టులో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, పుంటా గోర్డా అనే ఊళ్ళో పోలీసులు ప్రజలకు ఒక ప్రదర్శన చేసి చూపించారు. కాల్చాలా వద్దా అని క్షణంలో తేల్చుకోవడం ఎంత కష్టమో చూపించాలని వాళ్ళ ఉద్దేశం. దొంగ పాత్ర వేసిన అధికారి అసలు రివాల్వర్ వాడాడు. అందులో ఉన్నవి ఉత్త బ్లాంకులే, అంటే గుండు లేకుండా మందు మాత్రమే ఉన్న తూటాలే అనుకున్నాడు. కానీ అందులో అసలు గుండ్లు ఉన్నాయి. ఆ కార్యక్రమానికి వచ్చిన 73 ఏళ్ళ ఆవిడ చనిపోయింది. అక్కడ ఉన్నది తెలియనివాళ్ళు కాదు, పోలీసులే. అసలు తుపాకీని మనిషి వైపు తిప్పే డ్రిల్ ఏదైనా సరే, నేను ఒప్పుకోను. బ్లాంకు కూడా దగ్గర నుంచి ప్రాణం తీయగలదు.

మనుషులు ఎదురెదురుగా నిలబడే డ్రిల్‌కు కొయ్య తుపాకీ చేయించండి. మా ఊరి వడ్రంగితో నేను వేప కొయ్యతో నాలుగు చేయించాను. లోపల ఇనుప కడ్డీ పెట్టించి బరువు మూడు కిలోల దగ్గరికి తెప్పించాను. ఉత్త కొయ్యయితే తేలిగ్గా ఉండి చేతికి తప్పుడు అలవాటు పడుతుంది. మొత్తం పసుపు పచ్చ రంగు వేయించాను. గదిలో నల్లటిది, అంటే అసలు తుపాకీ, ఏది కనిపించినా ఆట ఆగిపోవాలి, అదీ లెక్క.

తూటాలు వేయడం, తీయడం మాత్రం అసలు తుపాకీ మీదే నేర్పాలి. దానికి వేరే గది, ఎదురుగా ఇసుక బస్తాల గోడ, బస్తాల వైపు మనిషి ఉండకూడదు. డమ్మీ తూటాలు లేత్ మీద కొయ్యతో తిప్పించి వాటికీ పసుపు రంగే వేయించాను. కాల్చిన ఖాళీ కేసులను (తూటా పెంకులను) డమ్మీలుగా వాడకండి. పెట్టెలో అసలువాటితో కలిస్తే హడావిడిలో తేడా తెలియదు. ఇంకొక మాట, సేఫ్టీ క్యాచ్‌ను నమ్ముకోవద్దు. ఈ రకం తుపాకుల్లో చాలావాటికి అది ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది. లోపల స్ప్రింగు బిగిసే ఉంటుంది. చెయ్యి జారి గట్టి నేల మీద పడితే పేలే అవకాశం ఉంది. విరిచి, రెండు గొట్టాల్లోంచి వెలుతురు కనిపిస్తేనే అది ఖాళీ. ఒకరు చూసి, రెండోవాళ్ళు వేలు పెట్టి తడిమి, పైకి చెప్పాలి. గదిలోకి వచ్చినప్పుడు ఒకసారి, టీ తర్వాత ఒకసారి, ఎవరైనా బయటికి పోయి వచ్చినా ఒకసారి.

ఇక ఒత్తిడి సంగతి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు గుండె దడదడలాడుతుంది, వేళ్ళు మొద్దుబారతాయి, చూపు ఇరుకై ఎదుటివాడి చెయ్యి తప్ప ఏమీ కనిపించదు. పక్కన అరిచినా వినపడదు. ఆ రోజు నా కేక ఆ గార్డుకు వినపడకపోవడానికి కారణం ఇదే. ఈ స్థితిని పూర్తిగా తెప్పించలేం గానీ దగ్గరికి తీసుకుపోవచ్చు. మొదటి రోజు ఏ తొందరా లేకుండా యాభైసార్లు డమ్మీ తూటాలు వేయించి, తీయిస్తాను. చెయ్యి తనంతట తాను చేసేదాకా ఒత్తిడి జోలికే పోను. రాని పనిని టెన్షన్‌లో చేయిస్తే తప్పే అలవాటవుతుంది. రెండో రోజు యాభై మీటర్లు ఉరికి వచ్చి, పదిహేను గుంజీలు తీసి, ఆయాసంతో రెండు డమ్మీలు వేయాలి. నిన్న కళ్ళు మూసుకుని వేసినవాళ్ళకి ఈరోజు తూటా అంచుకు తగిలి కింద పడుతుంది. కింద పడితే వంగి ఏరుకోకుండా రెండోది తీసుకోవాలని అక్కడ నేర్పుతాను. మూడో రోజు బకెట్ మీద గరిటెతో కొడతాను, ఫోన్‌లో అలారం పెద్దగా మోగిస్తాను, ఒకరు చెవి దగ్గర ప్రశ్నలు అడుగుతుంటారు. తిట్టడం మాత్రం ఉండదు. అవమానపడ్డ మనిషి నేర్చుకోడు, కోపంలో వేలు ట్రిగ్గర్ మీదికి పోతుంది.

ప్రతి డ్రిల్‌లో ఒక మనిషి ఏ పాత్రా వేయకుండా భద్రత మాత్రమే చూడాలి. పాఠం చెప్పేవాడే భద్రత కూడా చూస్తే రెండూ చెడతాయి. "థమ్" అనే మాట ఎవరైనా అనొచ్చు, చాయ్ తెచ్చిన పిల్లగాడైనా సరే. మాట వినపడకపోవచ్చు కాబట్టి విజిల్ కూడా ఉండాలి. విజిల్ పడితే అందరూ ఉన్నచోటే బొమ్మల్లా నిలబడాలి.

నేను ఎక్కువ సమయం పెట్టేది కాల్చకుండా ఉండే డ్రిల్స్ మీద. బ్యాంకు అన్నాక అరుపులు మామూలే. పింఛను రాలేదని తాగి వచ్చి కేకలు వేసేవాడు, మాసిన సంచిలో చెయ్యి పెట్టి పాస్‌బుక్ తీసే అవ్వ, ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చే కాలేజీ పిల్లాడు. పది పాత్రల్లో ఎనిమిది ఇలాంటివే పెడతాను. కొయ్య తుపాకీ ఎత్తినవాళ్ళని "ఆమె చేతిలో ఏముంది?" అని అడుగుతాను. చెప్పలేకపోతే ఎత్తకూడదు. ట్వెల్వ్ బోర్ తూటాలోంచి వచ్చే చిన్న చిన్న గుండ్లు ముందుకు పోయేకొద్దీ చెదిరి విచ్చుకుంటాయి. ఎంతగా అన్నది మీ తుపాకీతోనే కాల్పుల రేంజ్‌లో కాగితం మీద ఐదు, పది, పదిహేను మీటర్ల నుంచి కాల్చి గార్డు కళ్ళతో చూపించండి. దొంగ వెనక క్యూ ఉందని ఆ కాగితం చూశాక నేను చెప్పక్కర్లేదు.

మిగతా రెండు పాత్రల్లో కత్తి ఉంటుంది. 1983లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ ఒక లెక్క తేల్చాడు. కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడు. మన చిన్న బ్రాంచుల్లో గేటు నుంచి క్యూ దాకా అంత దూరం కూడా ఉండదు. 21 అడుగుల్లోకి ఎవరు వచ్చినా కాల్చొచ్చని కొందరు దీన్ని తిప్పి చెప్తారు, అది తప్పు. దూరం పెంచుకో, మధ్యలో అడ్డం పెట్టుకో అని ఈ లెక్క చెప్తోంది. కాబట్టి గ్రిల్ లాగడం, టేబుల్ వెనక్కి జరగడం, అలారం నొక్కడం డ్రిల్‌గా చేయిస్తాను. ఉరికొచ్చేవాడి ముందు గ్రిల్ మూసినవాడికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

డ్రిల్ అయిన ఐదు నిమిషాలకు ఒక్కొక్కరూ పక్కకు పోయి నాలుగు ముక్కలు రాయాలి: ఏం చూశావు, ఏం అన్నావు, ఏం చేశావు, ఎందుకు. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. రక్షణకు అవసరమైనంత హాని తప్ప అంతకు మించకూడదని చట్టం చెప్తుంది. రేపు పోలీసు స్టేషన్లో ఆ "ఎందుకు" చెప్పాల్సింది గార్డే.

అసలు తూటాలతో కాల్చడం అధికారికంగా అనుమతి ఉన్న రేంజ్‌లోనే. మన జిల్లాలో చాలామంది ఒక పొరపాటు పడతారు. "గుట్ట ఉంది కద సార్, గుట్టకు కొడదాం" అంటారు. మన గుట్టలు నల్ల రాయి, గ్రానైటు. గుండు తగిలి ఎటు తిరిగి వస్తుందో దేవుడికే తెలుసు. వెనక మెత్తటి మట్టి కట్ట కావాలి, అందులో రాళ్ళు ఏరేసి ఉండాలి. వాన పడితే రాళ్ళు మళ్ళీ పైకి తేలతాయి, మళ్ళీ ఏరాలి. ఎర్ర జెండా, చెవులకు మఫ్‌లు, కళ్ళద్దాలు తప్పనిసరి. ఇక్కడ నాటకం ఉండదు, వేషాలు ఉండవు. ఒక్కో మనిషి ఒక్కడే ఉరికి వచ్చి, ఆయాసంతో, నా కమాండ్ మీద కాల్చాలి. ఉరకడం తుపాకీ లేకుండా, ఫైరింగ్ పాయింట్ దాకా మాత్రమే. అక్కడే తుపాకీ, అక్కడే తూటాలు, రెండే రెండు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే బ్యారెల్ కట్ట వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించండి. వడదెబ్బ తగిలిన మనిషి చేతిలో తుపాకీ ఉండకూడదు. నీళ్ళు, ఓఆర్‌ఎస్, రక్తం ఆపే కట్లు, ఒక బండి సిద్ధంగా పెట్టుకోవాలి. 108కు రేంజ్ దారి ఎలా చెప్పాలో కాగితం మీద ముందే రాసి గోడకు అంటించండి. గాభరాలో దారి చెప్పడం కూడా మర్చిపోతాం.

ముగిశాక ఖాళీ కేసులు, మిగిలిన తూటాలు లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాస్తాను. లెక్క కలవకపోతే ఎవరూ ఇంటికి పోరు, మళ్ళీ అందరి జేబులు తిరగేయాలి. తర్వాత సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడిగిస్తాను. తూటాల సీసం వేళ్ళకు అంటుకుని ఉంటుంది. కడుక్కోకుండా టిఫిన్ బాక్సు మూత తీయనివ్వను.