పాత డీజిల్ బండి దారిలో ఆగిపోతోందా? పంపు విప్పే ముందు ట్యాంకు చూడండి

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మా బండి రెండుసార్లు గుటకలు మింగి ఆగిపోయింది. మీటర్లో ముల్లు పావు ట్యాంకు మీద నిలకడగా ఉంది. అంతకు ముందు వారమే పికప్ లేదని ఫిల్టరు మార్పించాను, ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపు కూడా విప్పించాను. మళ్లీ అదేనేమో అనుకుంటూ బానెట్ ఎత్తి, డీజిల్‌ను చేత్తో ఎక్కించే చేతిపంపు కొడుతుంటే వెనకొచ్చిన లారీ డ్రైవర్ దిగాడు. ఇంజిన్ వైపు చూడనైనా చూడకుండా, వంగి ట్యాంకు అడుగున వేలి కణుపులతో కొట్టాడు. డొల్లగా మోగింది. "డీజిల్ ఏదండీ ఇందులో?" అన్నాడు.

అప్పటినుంచి నా వరుస మారింది. ముందు ట్యాంకు, తర్వాత పైపు, ఆ తర్వాతే ఇంజిన్.

ఇక్కడ చెప్పేదంతా మెకానికల్ ఇంజెక్షన్ పంపు (డీజిల్‌ను ప్రెజర్‌తో నాజిళ్లకు పంపే పాతకాలం పంపు) ఉన్న బండ్లకే. కామన్ రైల్ బండిలో, అంటే కంప్యూటర్‌తో నడిచే కొత్త తరం డీజిల్ బండిలో, ప్రెజర్ వెయ్యి బార్లు దాటుతుంది, అక్కడ ఇంజెక్టర్ పైపుల జోలికి వెళ్లకండి. పాత బండ్లలో డీజిల్ నడిచే దారి తేలికే: ట్యాంకులో జాలి (చెత్త ఆపే వల), సక్షన్ పైపు (డీజిల్ లాగే పైపు), లిఫ్ట్ పంపు, ఫిల్టరు, ఇంజెక్షన్ పంపు, నాజిళ్లు. మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి పోతుంది. కొన్ని బండ్లలో లిఫ్ట్ పంపు విడిగా ఉండదు, ఇంజెక్షన్ పంపే లాక్కుంటుంది.

సెల్ఫ్ తిరుగుతుంది, స్టార్ట్ కాదు

ఒకరిని సెల్ఫ్ కొట్టమని మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ అందుతోందన్నమాట. అప్పుడు హీటర్ ప్లగ్గులు గానీ కంప్రెషన్ గానీ చూడాలి. పొగ చుక్క కూడా లేదంటే డీజిల్ రావడం లేదు. తాళం ఆన్ చేసినప్పుడు ఇంజెక్షన్ పంపు మీది స్టాప్ సోలినాయిడ్ (డీజిల్‌ను వదిలే, ఆపే కరెంటు వాల్వు) 'టిక్' మనాలి. అనకపోతే దాని వైరుకు 12 వోల్టులు వస్తున్నాయో లేదో టెస్ట్ ల్యాంపుతో చూడండి. చాలాసార్లు తుప్పుపట్టిన టెర్మినలే కారణం. తాళంతో కాకుండా గుంజితే ఇంజిన్ ఆగే కేబుల్ ఉన్న బండయితే, అది పూర్తిగా వెనక్కి వెళ్లిందో లేదో చూస్తే సరి.

పొద్దున మొండికేస్తుంది, చేతిపంపు కొడితే స్టార్ట్ అవుతుంది

ఇది ఎయిర్ పట్టడం. అందరూ పొరబడేది ఇక్కడే. "ఎక్కడా లీకు లేదండీ, కింద చుక్క పడలేదు" అంటారు. పడదు మరి. ట్యాంకు నుంచి లిఫ్ట్ పంపు దాకా ఉన్న పైపులో ఉండేది లాగుడు. ఆ పైపుకు చీలిక ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బండి రాత్రంతా నిలబడితే పైపులోని డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి పది రూపాయల పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ముక్క చాలు. ఫిల్టరుకూ ఇంజెక్షన్ పంపుకూ మధ్య తాత్కాలికంగా బిగించి ఇంజిన్ ఆన్ చేయండి. బుడగలు వరసగా పోతుంటే గొట్టాన్ని ఒక్కో జాయింటు వెనక్కి జరుపుతూ వెళ్లండి. ఎక్కడ బుడగలు మాయమవుతాయో, దానికి ముందు చూసిన చోటుకూ దీనికీ మధ్యే తప్పు ఉంటుంది. ఎక్కువగా దొరికేవి గట్టిపడిన రబ్బరు పైపు, బ్యాంజో బోల్టు (పైపును బిగించే, లోపల రంధ్రమున్న బోల్టు) కింద రాగి వాషర్లు, ఫిల్టరు పైన రబ్బరు రింగు. వాషర్లు పాతవే మళ్లీ వేయకండి.

తర్వాత ఎయిర్ తీయాలి. ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా చేతిపంపు కొట్టి బిగించాలి. అప్పటికీ స్టార్ట్ కాకపోతే నాజిల్ దగ్గర పైపు నట్లు అరచుట్టు వదిలి, డీజిల్ చిమ్మేదాకా సెల్ఫ్ కొట్టాలి. ఒక్కసారికి 15 సెకన్లు దాటనివ్వకండి, లేకుంటే సెల్ఫ్ మోటారు కాలుతుంది. చిమ్మే చోట చెయ్యి అడ్డం పెట్టొద్దు. ఆ ధార చర్మంలోకి దూరిపోతుంది. గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పది నిమిషాలు బాగా నడిచి నీరసపడుతుంది

ట్యాంకు మూత తీయండి. 'హుస్స్' మని గాలి లోపలికి పీల్చుకుని ఇంజిన్ తేరుకుంటే, గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. పాత మూత పోయిందని బజార్లో దొరికిన తాళం మూత వేస్తే తరచూ ఇదే జరుగుతుంది, దానికి రంధ్రం ఉండకపోవచ్చు.

ఎత్తు మీద పికప్ పడిపోతుంది

ఫిల్టరు అడుగు స్క్రూ వదిలి గాజు గ్లాసులో పట్టండి. నీళ్లుంటే అడుగున విడిగా కనిపిస్తాయి. వానాకాలంలో ఇది మామూలే. ఫిల్టరు కొత్తదైనా తేడా లేకపోతే క్యాన్ పరీక్ష చేయండి. 5 లీటర్ల క్యాన్‌లో వడకట్టిన డీజిల్ పోసి లిఫ్ట్ పంపు సక్షన్ పైపును అందులో పెట్టండి. రిటర్న్ పైపు కూడా అందులోకే రావాలి, లేదంటే క్యాన్ ఇట్టే ఖాళీ అవుతుంది. క్యాన్‌ను నేల మీదే ఉంచండి. పంపు అక్కడినుంచి లాక్కుని, రేజ్ ఇచ్చినా ఇంజిన్ తగ్గకపోతే పంపు బాగానే ఉంది, జబ్బు ట్యాంకు వైపుంది. క్యాన్ ఎత్తులో పెడితేనే నడుస్తోందంటే లిఫ్ట్ పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) గానీ వాల్వులు గానీ పోయినట్టు.

ట్యాంకు జాలి మూసుకుపోతే కంప్రెసర్‌తో పైపులోకి వెనక్కి గాలి కొట్టడం షాపుల్లో అలవాటు. బండి అప్పటికి పరుగెడుతుంది. కానీ ఆ చెత్త ట్యాంకులోకే పోతుంది, కొన్నాళ్లకు తిరిగి జాలికే అంటుకుంటుంది. ట్యాంకు దించి కడిగించడమే దారి.

ముల్లు అబద్ధం చెబుతోంది

డీజిల్ మీటరూ టెంపరేచర్ మీటరూ రెండూ కలిసి ఎక్కువో తక్కువో చూపిస్తుంటే, పాత బండ్లలో డ్యాష్‌బోర్డు వెనకుండే వోల్టేజ్ స్టెబిలైజర్ మీద అనుమానపడాలి. డీజిల్ ముల్లు ఒక్కటే పడుకుంటే ట్యాంకు యూనిట్ (ట్యాంకులో డీజిల్ మట్టాన్ని మీటరుకు చెప్పేది) వైరు విప్పి, తాళం ఆన్ చేసి, ఆ వైరును రెండు మూడు సెకన్లు బాడీకి తాకించండి. చాలా బండ్లలో ముల్లు ఫుల్ వైపు లేస్తుంది, కొన్నింటిలో ఉల్టా. కదిలిందంటే మీటరూ వైరూ మంచివే. యూనిట్, దాని ఫ్లోట్ (డీజిల్ మీద తేలే బుడ్డి), ఎర్త్ వైరు చూడాలి. కదలకపోతే వైరు తెగింది, లేదా మీటరు పోయింది. కుదుపులకు ముల్లు ఎగిరిపడుతుంటే ముందు ట్యాంకు ఎర్త్ శుభ్రం చేయండి. తర్వాత యూనిట్ తీసి మల్టీమీటర్ పెట్టి ఫ్లోట్‌ను మెల్లగా ఎత్తండి. రీడింగు మధ్యలో తెగకుండా మారాలి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపినప్పుడు లోపల డీజిల్ గలగలలాడితే అది మునిగిపోయే ఫ్లోట్, మార్చేయండి.

మా బండిలో ఇవన్నీ బాగానే ఉన్నాయి. యూనిట్ తీసి టార్చి వేస్తే అసలు సంగతి కనబడింది. ఎప్పుడో రాయి తగిలి ట్యాంకు అడుగు లోపలికి నొక్కుకుంది. ఫ్లోట్ దిగి ఆ బొప్పి మీద కూర్చుంటోంది. ముల్లు అందుకే పావు దగ్గరే ఆగేది, ట్యాంకు ఎండినా సరే. ఆ సొట్ట తీయించడం వల్లకాలేదు. కాబట్టి సమతలంగా ఉన్న చోట ఖాళీ ట్యాంకులో 5 లీటర్లు చొప్పున పోస్తూ ముల్లు ఎక్కడ నిలబడిందో చీటీ మీద రాసి మీటరు పక్కన అంటించాను. మొదటి 5 లీటర్లకు ముల్లు కదలనే లేదు. ఆ వరుస పక్కన మా అమ్మాయి ఎర్ర స్కెచ్ పెన్నుతో లారీ బొమ్మ వేసింది.