వాడని క్రెడిట్ కార్డును ఏం చేయాలి? క్రెడిట్ స్కోరు దెబ్బతినకుండా చూసుకోవడం ఎలా?

పర్సులో వెనక అర సర్దుతుంటే ఎప్పుడో తీసుకున్న క్రెడిట్ కార్డు బయటపడుతుంది. గీత పడలేదు, మెరుపు పోలేదు. "వాడనప్పుడు ఇదెందుకు, క్యాన్సిల్ చేసేద్దాం" అనిపిస్తుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగండి.

1. ముందు లెక్క వేయండి

మీకు మూడు కార్డులున్నాయనుకుందాం. లిమిట్లు 50 వేలు, లక్ష, లక్షన్నర. మొత్తం 3 లక్షలు. అన్నిటి మీదా కలిపి బాకీ 60 వేలు, అంటే 20 శాతం. వాడడం లేదని ఆ లక్షన్నర కార్డును మూసేశారు. ఖర్చు రవ్వంత కూడా పెరగలేదు, కానీ శాతం చూస్తే 40! మొత్తం లిమిట్‌లో బాకీ ఎంత శాతమో చెప్పే ఈ లెక్కనే క్రెడిట్ యుటిలైజేషన్ అంటారు. క్రెడిట్ స్కోరు (అప్పు ఇచ్చే ముందు బ్యాంకులు చూసే మార్కులు) లెక్కలో దీనికి పెద్ద పీటే. 30 శాతం దాటనివ్వద్దని చెబుతుంటారు గానీ, ఎంత తక్కువుంటే అంత మంచిది. బాకీ తగ్గించుకుంటే స్కోరు మళ్లీ కోలుకుంటుంది, కాబట్టి ఇప్పటికే మూసేసినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు.

కార్డు ఎంత పాతదో కూడా చూడండి. పాత ఖాతా మీ అప్పుల చరిత్రకు బలం.

2. ఫీజు సంగతి తేల్చుకోండి

వార్షిక ఫీజు లేకపోతే ఉంచేయండి. ఉంటే మాఫీ అడగండి, కాదంటే ఫీజు లేని కార్డుకు మార్చమనండి. పాత ఖాతాయే కొనసాగుతుందా, కొత్తది తెరుస్తారా అన్నది ముందే కనుక్కోండి.

3. ఉంచుకుంటే కాస్త వాడండి

చాలాకాలం కదలిక లేకపోతే బ్యాంకే కార్డును మూసేయొచ్చు. ఏదైనా చిన్న నెలవారీ బిల్లు దానికి తగిలించి, మొత్తం బాకీ ఆటో డెబిట్‌లో పెట్టండి. మెసేజ్ అలర్టులు మాత్రం ఆపకండి. వాడని కార్డు మీద మోసం జరిగితే వెంటనే తెలిసేది వాటితోనే.

4. మూసేయక తప్పదా?

ఫీజు భారమైనా, కార్డు చేతిలో ఉంటే ఖర్చు ఆగకపోయినా మూసేయడమే నయం. ఇంటి లోన్‌కు అప్లై చేసి ఉంటే మాత్రం అది వచ్చేదాకా ఆగండి.

ముందు రివార్డు పాయింట్లు వాడేయండి, ఆటో పేమెంట్లు వేరే కార్డుకు మార్చండి, బాకీ మొత్తం కట్టండి. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. కొన్ని నెలలుగా మోస్తున్న బాకీని ఒకేసారి కట్టేసి, పీడా పోయిందనుకున్నాను. బిల్లు వచ్చిన రోజుకూ కట్టిన రోజుకూ మధ్య పడిన వడ్డీ తర్వాతి బిల్లులో వచ్చింది. ఆ మెయిల్ నేను తెరవనే లేదు, దాంతో ఆలస్య రుసుము కూడా పడింది. అందుకే ఇంకో బిల్లు వచ్చి సున్నా కనిపించాకే మూసేయమనండి.

మూసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. కార్డును చిప్ మీదుగా కత్తిరించండి. ఒకటి రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు (మీ అప్పులు, కార్డుల వివరాలుండే నివేదిక) తీసి, ఆ ఖాతా "క్లోజ్డ్" అని, బాకీ సున్నా అని ఉందో లేదో చూడండి. లేకపోతే బ్యాంకుకూ, ఆ రిపోర్టు తయారుచేసే క్రెడిట్ బ్యూరోకూ ఆ లెటరే చూపించాలి.