ప్లేఆఫ్స్ అంచనా తప్పుతోందా? సీడ్ కన్నా ముందు తేదీలు చూడండి

అక్టోబరు వచ్చిందంటే ఎంఎల్ఎస్ (అమెరికా, కెనడా జట్ల ఫుట్‌బాల్ లీగ్) ప్లేఆఫ్స్, అంటే లీగ్ దశ తర్వాత టైటిల్ తేల్చే మ్యాచ్‌ల అంచనాల షీట్లు నాకు రావడం మొదలవుతుంది. "నంబర్ వన్ సీడ్‌కి (లీగ్ దశలో మొదటి స్థానం జట్టుకి) ఎక్కువ మార్కులు వేశాను, తొలి మ్యాచ్‌కే ఇంటికి పోయింది. ఫార్ములా ఎక్కడ తప్పింది?" అని అడుగుతారు. ఫార్ములా సంగతి తర్వాత. ఏ జట్టు చివరి మ్యాచ్ ఏ రోజు ఆడిందో ఆ షీట్‌లో ఉందా? ఉండదు. "షెడ్యూల్ వేరే ట్యాబ్‌లో ఉంది కదా" అంటారు. ట్యాబ్‌లో ఉంటే సరిపోదండీ, లెక్కలోకి రావాలి.

సమస్య: బై దొరికిన టాప్ సీడ్ తొలి మ్యాచ్‌లోనే ఓడింది

నేను చేయి కాల్చుకున్నది ఇక్కడే, 2021లో. అప్పుడు కాన్ఫరెన్స్‌కి (లీగ్‌లో ఈస్ట్, వెస్ట్ అని రెండు భాగాలు) ఏడు జట్లు, అన్నీ ఒక్క మ్యాచ్ నాకౌట్లే, మొదటి సీడ్‌కి మాత్రం బై, అంటే తొలి రౌండ్ ఆడక్కర్లేదు. ఈస్ట్‌లో మొదటి సీడ్ న్యూ ఇంగ్లండ్ 73 పాయింట్లతో అప్పటికి లీగ్ రికార్డు కొట్టింది. అటు వెస్ట్‌లో మొదటి సీడ్ కొలరాడో. బై అంటే విశ్రాంతి, విశ్రాంతి అంటే లాభం అనుకుని రెండింటికీ అదనపు మార్కులు వేసి ఫైనల్‌కి పంపేశాను. రెండూ సొంత మైదానంలో తొలి మ్యాచే ఓడాయి. ఆ వారం ఆఫీసులో అందరికీ బిర్యానీ నా ఖర్చే.

కారణం తేదీల్లో ఉంది. లీగ్ దశ నవంబరు 7న ముగిసింది, వెంటనే ఇంటర్నేషనల్ బ్రేక్ (ఆటగాళ్లు తమ దేశ జట్లకు ఆడేందుకు లీగ్ ఆగే విరామం). కొలరాడో మళ్లీ ఆడింది 25న, అంటే 18 రోజులకు. న్యూ ఇంగ్లండ్ అయితే 30న, 23 రోజులకు. వాళ్ల మీద గెలిచిన పోర్ట్‌లాండ్, న్యూయార్క్ సిటీ రెండూ మధ్యలో 21న ఒక నాకౌట్ గెలిచి వచ్చాయి. నాలుగు రోజుల విశ్రాంతితో వచ్చిన పోర్ట్‌లాండ్ 90వ నిమిషంలో గోల్ కొట్టి 1-0తో గెలిచింది. న్యూ ఇంగ్లండ్ మూడో నిమిషంలోనే గోల్ ఇచ్చేసి, చివరికి 2-2 తర్వాత పెనాల్టీల్లో పోయింది. 118వ నిమిషంలో ఆ స్కోరు సమం చేసిన టాజన్ బ్యుకానన్ బ్రేక్‌లో కెనడాకి ఆడి వచ్చినవాడు. దీన్ని రుజువు అనను గానీ, మర్చిపోలేను. కాళ్లకు విశ్రాంతి దొరికింది, ఆట టచ్ పోయింది.

మరుసటి ఏడాది చూడండి. నవంబరులో ఖతార్ ప్రపంచకప్ ఉంది కాబట్టి లీగ్‌ను ముందే ముగించారు. అక్టోబరు 9న చివరి మ్యాచ్‌లు, 20న బై జట్ల తొలి మ్యాచ్‌లు, మధ్యలో 11 రోజులే. అదే ఫార్మాట్, అదే బై. బై దొరికిన ఎల్ఏఎఫ్‌సీ (లాస్ ఏంజెలెస్ జట్టు), ఫిలడెల్ఫియా రెండూ గెలిచి, ఫైనల్లో ఒకదానితో ఒకటి తలపడ్డాయి.

పరిష్కారం: ఒక్కో జట్టుకి "చివరి మ్యాచ్ నుంచి రోజులు" అని ఒక కాలమ్ పెట్టి, రెండు జట్ల మధ్య తేడా తీయండి. గ్యాప్ రెండు వారాలు దాటి, ఎదుటి జట్టు ఈలోగా ఆడి ఉంటే నేను బై మార్కులు సున్నా చేస్తాను. ఇది నా మోటు లెక్క, నాలుగు జట్లను చూసి సూత్రం రాయలేం. తేడానే ఎందుకంటే, 2024లో ఎల్ఏ గెలాక్సీ (లాస్ ఏంజెలెస్‌లోని ఇంకో జట్టు) నవంబరు 1 తర్వాత 24న ఆడి కూడా మిన్నెసోటాను 6-2తో చితక్కొట్టింది. మిన్నెసోటా చివరి మ్యాచ్ నవంబరు 2న మరి! ఇద్దరూ ఖాళీగానే ఉన్నారు.

సమస్య: అలసిపోయిన కింది సీడ్ సిరీస్ గెలిచేసింది

2023 నుంచి తొలి రౌండ్ మూడు మ్యాచ్‌ల సిరీస్. పాత ఏడాది ఫార్ములాను అలాగే పట్టుకొస్తే ఇక్కడ దొరికిపోతారు. 2024లో 40 పాయింట్ల అట్లాంటా అక్టోబరు 22న మాంట్రియల్‌లో పెనాల్టీలదాకా ఆడి, మూడు రోజులకే మయామీలో దిగి, మెస్సీ ఆడే ఇంటర్ మయామీ చేతిలో 2-1తో ఓడింది. అలసట లెక్క అక్కడిదాకా కరెక్టే. కానీ తర్వాతి మ్యాచ్‌లు నవంబరు 2న, 9న. వారం వారం విశ్రాంతి దొరికాక, 74 పాయింట్లతో రికార్డు సృష్టించిన మెస్సీ జట్టును రెండుసార్లూ ఓడించింది. అలసట మార్కులు మొదటి మ్యాచ్‌కే కోయండి, సిరీస్ మొత్తానికి కాదు.

మిగతావి

టర్ఫ్, చలి, రిఫరీ: వీటి వెంట పడకండి. 2021 ఈస్ట్ కాన్ఫరెన్స్ ఫైనల్‌కి ఫిలడెల్ఫియా కోవిడ్ నిబంధనల వల్ల 11 మందిని పోగొట్టుకుంది. దానికి ఏ కాలమ్ పనికిరాదు, మ్యాచ్ ముందు లైనప్ చూసుకోవడమే.

ఇక మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022-23లో నేరుగా ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సెమీస్‌కి వెళ్లి ఓడితే, దానికీ గ్యాపే కారణమా అని అడుగుతారు. ఫిబ్రవరి 26 నుంచి మార్చి 9కి 11 రోజులే. మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ 0-0, తర్వాత పెనాల్టీల్లో 4-3. అది గ్యాప్ పని కాదు, పెనాల్టీల పని.